ఇంజన్ ఎడమ పక్క గలగల



ఇంట్లో పదిహేనేళ్లు దాటిన మోటార్ సైకిలు ఉన్నవాళ్ల కోసం ఈ ప్రసంగం. పొద్దున్నే కిక్ కొట్టి బండిని స్టాండు మీద వదిలి, ఇంటి తాళాలకోసమో హెల్మెట్ కోసమో లోపలికి వెళ్తాం. అప్పుడు వాకిట్లోంచి ఒక కొత్త చప్పుడు వినిపిస్తుంది. రేకు డబ్బాలో సన్నటి గొలుసు వేసి ఊపితే ఎలా ఉంటుందో అలాంటి గలగల. నిన్నటిదాకా లేదనిపిస్తుంది గానీ, అది నెలల తరబడి పెరుగుతూ వచ్చినదే. చెవి ఇవాళ పట్టుకుంది, అంతే.

ఆ బండిని తీసుకుని ముగ్గురు మెకానిక్కుల దగ్గరికి వెళ్తే మూడు మాటలు వినిపించవచ్చు. ఒకరు టాపెట్ అంటారు, ఇంకొకరు టైమింగ్ చైన్ అంటారు, మరొకరు బోరు అయిపోయింది, ఇంజన్ దించాల్సిందే అంటారు. టాపెట్ అయితే పదిహేను నిమిషాల పని. టైమింగ్ చైన్ అయితే సగం రోజు పని. బోరు అయితే నెల జీతంలో పెద్ద ముక్క పోతుంది. ఈ మూడింట్లో ఏదో తేల్చే పని పానా పట్టుకోకముందే చాలావరకు అయిపోతుంది, అయిపోవాలి కూడా. చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది, ఏ పక్కనుంచి వస్తోంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాకుండా ఇంజన్ విప్పించవద్దని చెప్పడానికే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

అసలీ టైమింగ్ చైన్ మన ఊళ్లకు ఎప్పుడొచ్చింది? ఒకప్పుడు మన రోడ్ల మీద తిరిగిన రాజ్‌దూత్, ఎజ్డీ టూ స్ట్రోక్ బళ్లు. వాటిలో వాల్వులే ఉండవు, ఇక వాల్వుల్ని నడిపే చైను ఎక్కడిది? అప్పటి బుల్లెట్లో వాల్వులుండేవి గానీ వాటిని కిందినుంచి పొడవాటి పుష్ రాడ్లు తోసేవి. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. అదే ఏడు యమహా ఆర్ఎక్స్ 100 కూడా వచ్చింది, అది మళ్లీ టూ స్ట్రోకే. సీడీ 100 మాత్రం ఫోర్ స్ట్రోక్. దాని కామ్ షాఫ్ట్ హెడ్డులోనే కూర్చుని ఉంటుంది. కింద క్రాంక్ దగ్గరనుంచి పైన హెడ్డుదాకా, సిలిండర్ ఎడమ పక్కన ఉన్న గూడులో ఒక సన్నటి చైను తిరుగుతుంది. 1994లో వచ్చిన స్ప్లెండర్‌దీ ఇదే ఏర్పాటు, అదే 97.2 సీసీ ఇంజన్. దీని వంశం హోండా సూపర్ కబ్‌ది. 1958లో వచ్చిన తొలి కబ్ పుష్ రాడ్లతోనే నడిచింది. 1960ల మధ్యలో ఆ చిన్న ఇంజన్లకు కామ్ షాఫ్ట్ పైకి వెళ్లి, చైను వచ్చింది. సిలిండర్ దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు పడుకుని ఉండే ఆ రూపం స్ప్లెండర్‌లో ఇప్పటికీ చూస్తాం. అందుకే ఈ ప్రసంగంలో ఉదాహరణగా ఆ బండినే తీసుకుంటున్నాను. మన పల్లెల్లో పాల క్యాన్లు, యూరియా బస్తాలు, పెళ్లానికీ ఇద్దరు పిల్లలకూ చోటు, అన్నీ ఆ చిన్న ఇంజన్ మీదే సాగాయి. ఆయిల్ మార్చాల్సిన సమయం దాటి వారాలు గడిచినా అది నోరెత్తలేదు. చివరికి చైను ద్వారా మాట్లాడుతుంది.

చైను చేసే పని ఏమిటంటే, క్రాంక్ 2 చుట్లు తిరిగేసరికి కామ్ షాఫ్ట్‌ను సరిగ్గా 1 చుట్టు తిప్పడం. బండి నిలబడి ఐడిల్‌లో నిమిషానికి 1400 చుట్లు తిరుగుతోందనుకోండి, కామ్ షాఫ్ట్ 700 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు సెకనుకు దాదాపు 12 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. పిస్టన్ ఎక్కడుందో చూసి వాల్వు తెరవడం మూయడం ఈ చైను చేతిలో పని. కబ్ వంశపు ఇంజన్లలో ఆయిల్ పంపు తిరిగేది కూడా ఈ చైను వల్లే. వేలెడు వెడల్పు కూడా లేని ఆ చైనుకు ఇంత బాధ్యత ఉంది.

ఆ చైను వదులవడానికి కారణం ఇనుము సాగడం కాదు. లింకుల మధ్య ఉండే పిన్నులు, వాటి చుట్టూ ఉండే బుష్షులు అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర మిల్లీమీటరులో నూరోవంతు అరిగిందనుకున్నా, ఎనభై లింకుల చైను మొత్తం మీద 0.8 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. పాత ఆయిల్‌లో తేలే మసి, లోహపు పొడి ఈ అరుగుదలను తొందర చేస్తాయి. చైనుతోపాటు దాన్ని సరిదిద్దే రోలర్లూ అరుగుతాయి. రబ్బరు అంచు ఉన్న గైడ్ రోలర్ ఏళ్ల తరబడి వేడి ఆయిల్‌లో నాని గట్టిపడి, పగిలి, పెచ్చులూడుతుంది. అటుపైన టెన్షనర్. స్ప్లెండర్ తరహా ఇంజన్లో ఇదొక పుష్ రాడ్. కిందినుంచి స్ప్రింగు దాన్ని తోస్తూ ఉంటుంది. లోపలికొచ్చిన ఆయిల్ వెనక్కి పోకుండా చిన్న గుండు అడ్డుపడుతుంది. దానివల్ల రాడ్ ముందుకు వస్తుందే తప్ప చైను తన్నినప్పుడల్లా వెనక్కి జారదు. ఆ రాడ్ చివర ఒక రబ్బరు తల ఉంటుంది. ఆ తల అరిగినా, గుండు దగ్గర మురికి చేరినా, స్ప్రింగు చచ్చినా చైను బాగున్నా సరే గలగల మొదలవుతుంది. చైను మార్చినా చప్పుడు పోలేదని చెప్పే చాలామంది కథ ఇక్కడే ఉంది.

ఇప్పుడు చెవి పని. టైమింగ్ చైన్ చప్పుడు ఐడిల్‌లోనే ఎందుకు ఎక్కువ వినిపిస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. ఒకే సిలిండర్ ఉన్న ఇంజన్ ఒక చుట్టులోనే ఒకసారి దూకుతుంది, ఒకసారి తడబడుతుంది. పేలుడు జరిగినప్పుడు క్రాంక్ ఉరుకుతుంది, గాలిని అదిమేటప్పుడు నెమ్మదిస్తుంది. పైన కామ్ షాఫ్ట్ కూడా ఊరుకోదు. వాల్వును తెరిచేటప్పుడు వాల్వు స్ప్రింగు దాన్ని ఆపుతుంది. మూసుకునేటప్పుడు అదే స్ప్రింగు దాన్ని ముందుకు నెడుతుంది. అలా ఒక్క చుట్టులోనే చైను ఒక వైపు బిగుసుకుని వెంటనే సడలుతుంది. ఐడిల్‌లో క్రాంక్ ఊపు తక్కువ కాబట్టి ఈ కుదుపు ఎక్కువ. ఆ సడలిన చైను గూడు గోడకు తగిలి గలగలమంటుంది. యాక్సిలరేటర్ కాస్త తిప్పగానే వేగం స్థిరపడి చప్పుడు పలచబడుతుంది. ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలేస్తే, బండి తన ఊపుతో ఇంజన్‌ను లాగుతున్న ఆ కొద్ది క్షణాల్లో మళ్లీ జలజలమంటుంది. ఐడిల్‌లో ఉండటం, కాస్త తిప్పితే తగ్గడం, వదిలితే మళ్లీ రావడం. ఈ మూడూ కలిస్తే టైమింగ్ చైన్ మీద నా అనుమానం బలపడుతుంది.

దీనితో పోల్చి చూడాల్సిన చప్పుళ్లు కొన్ని ఉన్నాయి. టాపెట్ చప్పుడు గలగల కాదు, టిక్కుటిక్కు. ఒకే లయ, తప్పదు. యాక్సిలరేటర్ తిప్పితే లయ వేగమవుతుంది గానీ అది పోదు. సిలిండర్ చివర హెడ్డు మీదనుంచే వస్తుంది. పిస్టన్ అరిగిన చప్పుడు చల్లటి ఇంజన్లో ఎక్కువ, వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. సైలెన్సర్ పైపు హెడ్డుకు కలిసే చోట గ్యాస్కెట్ లీకైతే టాపెట్ లాంటి ఫట్ ఫట్ వస్తుంది, దగ్గర వంగి చూస్తే అక్కడ నల్లటి మసి చార కనిపిస్తుంది. క్లచ్ వైపు చప్పుడైతే న్యూట్రల్‌లో క్లచ్ లివర్ నొక్కగానే మారిపోతుంది లేదా పోతుంది. అది కుడి పక్క వ్యవహారం. బయటి చైను, అంటే వెనక చక్రాన్ని తిప్పే చైను కూడా కవర్‌కు తగిలి చప్పుడు చేస్తుంది గానీ బండి న్యూట్రల్‌లో నిలబడి ఉంటే అది కదలదు కాబట్టి దాన్ని వెంటనే పక్కన పెట్టేయవచ్చు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, బరువుతో లాగుతున్నప్పుడు లోతుగా దబదబమనే చప్పుడు వస్తే మాత్రం వేరే మాట. అది క్రాంక్ బేరింగ్ అయి ఉండవచ్చు. ఆ బండిని నడిపి తీసుకెళ్లకండి, ఆటోలో ఎక్కించి తీసుకెళ్లండి.

ఎక్కడినుంచో తెలుసుకోవడానికి పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. దాని మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు ఆనించండి. ఎడమ పక్క హెడ్డు మీద ఉన్న గుండ్రటి మూత దగ్గర, సిలిండర్ ఎడమ వైపు గూడు పొడవునా, ఆ తరువాత మాగ్నెట్ కవర్ దగ్గర, ఇలా ఒక్కో చోట వినండి. గలగల సిలిండర్ నడుమ ఎక్కువ వినిపిస్తే గైడ్ రోలర్‌నూ, కింది భాగంలో ఎక్కువ వినిపిస్తే టెన్షనర్‌నూ అనుమానించాలి. అనుభవమున్న మెకానిక్ చేతిలో ఈ స్క్రూడ్రైవర్ చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. వినకుండానే విప్పడం మొదలుపెట్టేవాళ్లకంటే అతను మీ డబ్బు కాపాడే మనిషి. ఈ పరీక్ష ఆరుబయటే చేయండి. మూసి ఉన్న గదిలో ఇంజన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. చున్నీ, లుంగీ చెంగు, వదులు చొక్కా చేతులు దూరంగా ఉండాలి. సైలెన్సర్ కాలుతుందన్న సంగతి మరవకూడదు.

ఇంకా పానా అవసరం రాలేదు. ముందు ఆయిల్ చూడండి. బండిని మెయిన్ స్టాండు వేసి, ఇంజన్ ఆపి కొద్ది నిమిషాలయ్యాక, కొలపుల్ల తుడిచి, మర తిప్పకుండా ఆనించి చూడాలి. ఆయిల్ కింది గీత దాటి పోయి ఉంటే టెన్షనర్ పని చేయదు, చైను తడవదు, పైన కామ్ షాఫ్ట్ ఎండిపోతుంది. కొన్ని బళ్లలో సరైన ఆయిల్ సరిపడా పోయగానే చప్పుడు సగం పడిపోతుంది. పాత ఆయిల్ తీసినప్పుడు అడుగున ఏముందో చూడటం మరీ ముఖ్యం. నల్లటి రబ్బరు తునకలు కనిపిస్తే రోలర్ ఊడిపోతోందని అర్థం. వెండిలా మెరిసే పొడి ఉంటే చైను గూడు గోడను, అంటే అల్యూమినియాన్ని కొరుకుతూ ఉండవచ్చు. కుడి కవర్ కింద ఉండే ఆయిల్ జాలీలోనూ ఆ రబ్బరు తునకలు చేరతాయి. జాలీ నిండిపోతే పంపుకు ఆయిల్ అందదు. ఇలాంటిదేదైనా కనిపిస్తే ఇక వాయిదా వేయవద్దు.

తరువాత టాపెట్లు. ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, రాత్రంతా నిలిపి పొద్దున్నే చేయడం మేలు. కబ్ వంశపు ఇంజన్లలో చాలావాటికి, వాల్వును నొక్కే రాకర్‌కూ వాల్వుకూ మధ్య 0.05 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మీ బండి పుస్తకంలో ఉన్న అంకెనే పాటించండి. ఈ సందు ఎందుకు ముందు చూడాలంటే, టాపెట్ సరి చేస్తేనే చైను చప్పుడు విడిగా వినబడుతుంది. ఇక్కడ ఒక దురలవాటు గురించి గట్టిగా చెప్పాలి. చప్పుడు రాకూడదని టాపెట్ పూర్తిగా బిగించేసేవాళ్లున్నారు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. కొద్దిపాటి టిక్కుటిక్కు ఉన్న టాపెట్ ఆరోగ్యంగా ఉన్న టాపెట్. ఐడిల్ పెంచేసి చైను చప్పుడు దాచడం, చిక్కటి ఆయిల్ పోసి వినపడకుండా చేయడం కూడా ఇదే కోవలోవి. చిక్కటి ఆయిల్ చల్లటి పొద్దున పైకి ఎక్కడానికి ఆలస్యం చేస్తుంది, కామ్ షాఫ్ట్ ఎక్కువగా అరిగేది ఆ మొదటి క్షణాల్లోనే.

చెవి, ఆయిల్, టాపెట్ మూడూ చూశాక కూడా గలగల ఉంటే అప్పుడు మూతలు తీయాలి. స్పార్క్ ప్లగ్ విప్పేస్తే ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఎడమ పక్క హెడ్డు మీది గుండ్రటి మూత తీస్తే కామ్ షాఫ్ట్ పళ్ల చక్రం కనబడుతుంది. కింద మాగ్నెట్ కవర్ తీస్తే రోటార్ మీద 'టీ' గుర్తు ఉంటుంది. ఎడమ పక్క నిలబడి చూస్తే రోటార్‌ను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పుతూ, ఆ టీ గుర్తును కేసు మీది గీతకు సరిగ్గా తీసుకురావాలి. రెండు రాకర్లూ కాస్త వదులుగా కదిలితే అది కంప్రెషన్ చివర అన్నట్టు. కదలకపోతే మరో చుట్టు తిప్పండి. ఇప్పుడు పైన కామ్ చక్రం మీది గుర్తు హెడ్డు మీది గాటుకు ఎదురుగా ఉండాలి.

గుర్తు కొద్దిగా వెనకబడి ఉంటే చైను అరిగిందన్నమాట. లాగే వైపు చైను పొడవు పెరిగితే కామ్ ఆలస్యమవుతుంది, వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. బండి కింది వేగంలో లాగకపోవడం, మైలేజీ పడిపోవడం ఇలాంటప్పుడే. గుర్తు ఒక పన్ను మేర తప్పి ఉంటే చైను పన్ను దాటింది. కామ్ చక్రానికి 28 పళ్లుంటే ఒక్క పన్ను తేడా అంటే క్రాంక్ లెక్కలో దాదాపు 26 డిగ్రీలు. ఇక ఆ బండిని స్టార్ట్ చేయకండి. ఇంకో పరీక్ష కూడా ఉంది. రోటార్‌ను కొద్దిగా ముందుకు తిప్పి ఆపి, అతి కొద్దిగా వెనక్కి కదపండి. కామ్ చక్రం వెంటనే స్పందించాలి. రోటార్ కదిలి, కామ్ చక్రం కాసేపు నిశ్చలంగా ఉండి తరువాత కదిలితే ఆ మధ్య పోయిన కదలికే చైనులోని వదులు. ఇది కళ్లతో చూసిన సాక్ష్యం. చెవి చెప్పినదాన్ని ఇది నిలబెడుతుంది లేదా కొట్టేస్తుంది. ఇగ్నిషన్ పాయింట్లు కామ్ షాఫ్ట్ చివర ఉండే పాత హోండా సీబీ తరహా ఇంజన్లకు ఇంకో సౌకర్యం ఉంది. టైమింగ్ లైట్ వేస్తే వదులు చైను ఉన్న ఇంజన్లో గుర్తు ఒక చోట నిలవక చిందులేస్తుంది.

టెన్షనర్ సంగతికి వద్దాం. స్ప్లెండర్ తరహా ఇంజన్ అడుగున, ఆయిల్ తీసే బోల్టుకు కాస్త దూరంలో మరో బోల్టు ఉంటుంది. టెన్షనర్ స్ప్రింగును పట్టి ఉంచేది అదే. ఆయిల్ మార్చడానికి కూర్చుని దీన్ని విప్పితే స్ప్రింగు బయటికొచ్చేస్తుంది. కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు ముందుగా చూపాల్సింది ఈ రెండు బోల్టుల తేడా. స్ప్రింగు తీసి చూస్తే కొత్తదానికంటే పొట్టిదైపోయిందా, పుష్ రాడ్ రబ్బరు తల చదునై ఉందా అన్నది తెలుస్తుంది. సిలిండర్ నిలువుగా ఉండే 125, 150 సీసీ బళ్లలో చాలావాటికి టెన్షనర్ సిలిండర్ వెనక రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. ఒక అడుగు ముందుకే తప్ప వెనక్కి రాని ఏర్పాటు దానిది. దాన్ని విప్పాలంటే లోపలి భాగాన్ని వెనక్కి లాగి మళ్లీ అమర్చే పద్ధతి పుస్తకంలో చెప్పినట్టే చేయాలి. సగం విప్పి, మళ్లీ అలాగే బిగిస్తే అది మరింత ముందుకొచ్చి చైనును అతిగా బిగిస్తుంది. అప్పుడు గలగల పోయి సన్నటి ఈల మొదలవుతుంది. ఆ ఈల ఇంకా ప్రమాదం, గైడ్లను త్వరగా తినేస్తుంది. టెన్షనర్ బయట ఉన్నంతసేపు ఇంజన్‌ను అసలు తిప్పకూడదు, వెనక్కి అసలే తిప్పకూడదు. చైను పన్ను దాటేది అప్పుడే.

చైనే పోయిందని తేలితే చైను ఒక్కటీ మార్చే పనికి ఒప్పుకోవద్దు. గైడ్ రోలర్, టెన్షనర్ రోలర్, పుష్ రాడ్ తల, స్ప్రింగు కూడా కలిపి మార్చాలి. పళ్ల చక్రాల పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే అవీ మారాలి. ఈ సామాన్ల ఖరీదు మజూరీలో చాలా చిన్న భాగం. ఇప్పుడు మిగిల్చిన వంద రూపాయలకోసం మళ్లీ ఇదే పని చేయించుకోవాల్సి వస్తుంది. కొత్త చైను వేయాలంటే మాగ్నెట్ రోటార్ తీయాలి. దానికి పుల్లర్ వాడాలి. ఉలితో కొట్టి, సుత్తితో బాది తీసే షెడ్డుకు నా బండి ఇవ్వను, మీరూ ఇవ్వకండి. క్రాంక్ చివర వంగితే దాని ఖర్చు చైను ఖర్చుకు ఎన్నో రెట్లు.

బిగించాక గుర్తులు సరిచూసి, కిక్ కొట్టకముందే ప్లగ్ లేకుండా చేత్తో క్రాంక్‌ను నెమ్మదిగా 2 చుట్లు పూర్తిగా తిప్పాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టవద్దు. వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండవచ్చు. గుర్తులు మళ్లీ చూడండి. 2 చుట్ల తరువాత గుర్తులు తిరిగి అక్కడికే వస్తే ప్లగ్ పెట్టి, కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేయండి. కొత్త చైను మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో సర్దుకుంటుంది కాబట్టి ఆ తరువాత టాపెట్లు మరోసారి చూపించండి.

చివరిగా, విప్పిన పాత సామాన్లు మీకు ఇవ్వమని అడగండి. మంచి మెకానిక్ అడగకముందే ఇస్తాడు. రోలర్ మీద పగుళ్లు, పుష్ రాడ్ తల మీద పడిన గాడి, చైనును అడ్డంగా చేత్తో పట్టుకుంటే అది ఎంత వంగుతుందో, అవన్నీ ఇంటికి తీసుకెళ్లి మీ అబ్బాయికో అమ్మాయికో చూపించండి. ఆ చప్పుడు ఎక్కడ పుట్టిందో వాళ్లకూ తెలుస్తుంది.